వీడియోలో లేని రబ్బరు రింగు

కారు ఇంజనాయిలు ఇంటిదగ్గరే మార్చుకోవడం ఎలాగని మీ ఫోనులో తెలుగులో వెతికితే బోలెడన్ని వీడియోలు వస్తాయి. వాటిలో నాదొకటి. తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిన ముసలాయన ఒకడు, ఇంటిముందు గచ్చు మీద కారు పక్కన నిలబడి, "నమస్కారమండి, ఇందులో భయపడాల్సిందేమీ లేదండి" అంటూ మొదలుపెడతాడు. ఆ ముసలాయన్ని నేనే. ఆ వీడియో వల్ల నేను పడ్డ సిగ్గు గురించి ఇప్పుడు రాస్తున్నాను. ఇది చదివేవాళ్ళలో షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళుంటారు. నాలాగా ఫోను ముందు నిలబడి పాఠాలు చెప్పేవాళ్ళూ ఉంటారు. మీకు పనికొస్తుందో లేదో తెలీదు. నాకు మాత్రం రాయకపోతే తోచడం లేదు.

రాజమండ్రిలో ఒక పెద్ద కార్ల షెడ్డులో మెకానిక్కుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. పని బాగా వచ్చినవాడినే. అయితే నా చేతికన్నా నా నోటికి ఎక్కువ పేరుండేది. ఎవరైనా ఒక నట్టు దగ్గర కాస్త తడబడితే చాలు, "ఏవయ్యా, ముగ్గేస్తున్నావా?" అని షెడ్డంతా వినబడేలా అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. తడబడినవాడూ నవ్వేవాడు. ఏం చేస్తాడు మరి? ఒకసారి ఒక మంచి మెకానిక్కుని, కారు యజమానీ ఆయన భార్యా ఎదురుగా నిలబడి ఉండగా, అలాగే అన్నాను. ఆ మర్నాటి నుంచి అతను కష్టమైన పనేదైనా నేను అటు తిరిగి ఉన్నప్పుడే చేసేవాడు. అది నా మీద గౌరవమనుకున్నాను.

ఆ షెడ్డులోనే వైరింగు పనులు చూసే ఎలక్ట్రీషియన్ ఒకడుండేవాడు. నాకంటే కొంచెం చిన్నవాడు. మాట తక్కువ. నన్ను "గురువుగారూ" అనేవాడు, ఇప్పటికీ అలాగే అంటాడు. నేను రిటైరై రామచంద్రపురంలో మా ఇంటికి వచ్చేసిన కొన్నాళ్ళకి అతనూ రిటైరై మా వీధికి దగ్గర్లోనే ఇల్లు తీసుకున్నాడు. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చునేవాళ్ళం. నేను మాట్లాడేవాణ్ణి, అతను వినేవాడు.

రిటైరయ్యాక కష్టమేమిటంటే, ఇంట్లో తడబడేవాళ్ళెవరూ ఉండరు. మా ఆవిడ గ్యాసు సిలిండరు మార్చుకుంటుంటే పక్కన నిలబడి సలహాలు చెప్పబోయాను. ఆవిడ వెనక్కి తిరిగి, "ఆ పాఠాలేవో ఊరికి చెప్పుకోండి, నాకు పప్పు సగం ఉడికి ఆగిపోయింది" అంది. ఆ మాట పట్టుకునే ఎలక్ట్రీషియన్ అన్నాడు, "నా ఫోనులో కెమెరా బాగుంటుందండి గురువుగారూ, మీరు చెప్పండి, నేను తీస్తాను" అని.

అలా మొదలైంది. బ్యాటరీ గురించి ఒకటి, టైర్ల గాలి గురించి ఒకటి పెట్టాం. కొద్దిమంది చూశారు. తర్వాత ఇంజనాయిలు మార్చడం గురించి చేశాం. మా పాత కారునే గచ్చు మీద పెట్టి, ఒక పూటంతా కష్టపడి తీశాం. బాగా రానివి అతను తన ఫోనులోనే కత్తిరించి అతికించాడు. అది అనుకోనంతగా జనంలోకి వెళ్ళిపోయింది. మండపేట నుంచీ తుని నుంచీ భీమవరం నుంచీ, ఎక్కడెక్కడి వాళ్ళో "థాంక్స్ మాస్టారూ" అని కింద రాసేవారు. కూరగాయల బజారులో ఒకాయన నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. ఆ రోజు అవసరం లేకపోయినా బజారంతా ఇంకో చుట్టు తిరిగాను.

కొన్ని నెలల తర్వాత ఒకావిడ ఆ వీడియో కింద రాసింది. "మాస్టారూ, మీరు చెప్పినట్టే మా కారుకి ఆయిలు మార్చానండి. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత హైవే మీద ఇంజను పట్టేసింది. మెకానిక్కు ఫిల్టరు విప్పి, రెండు రింగులున్నాయమ్మా, పాతది తియ్యలేదన్నాడు. నేనెక్కడ పొరపాటు చేశానో చెప్తారా" అని.

ఆ రింగు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పాత నూనె కిందికి దించేశాక ఫిల్టరు విప్పాలి. అది అరచేతిలో పట్టేంత డబ్బాలా ఉంటుంది. దాని మూతి చుట్టూ నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. ఫిల్టరు విప్పితే రింగు కూడా దాంతోపాటు వచ్చేయాలి. ఒక్కోసారి రాదు, ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది. అది చూసుకోకుండా కొత్త ఫిల్టరు బిగిస్తే రింగు మీద రింగు కూర్చుంటుంది. మొదట్లో ఏమీ తెలీదు. ఒకరోజు బండి వేగంగా పోతున్నప్పుడు రింగు పక్కకి జారుతుంది, నూనంతా రోడ్డు పాలవుతుంది. నూనె లేని ఇంజను ఎంతోసేపు తిరగదు. షెడ్డులో చేరినవాడికి తొలిరోజుల్లోనే నేర్పే సంగతి ఇది.

ఆవిడ రాసినదాని కింద అప్పటికే చాలామంది తయారయ్యారు. ఒకడు "వంటనూనె పోశారేమో మేడమ్" అన్నాడు. ఇంకొకడు నవ్వే బొమ్మలు వరసగా పెట్టాడు. నేనేం రాశానో మీకు చెప్పాలి. "పాత రింగు తీయాలని వీడియోలో స్పష్టంగా చెప్పానమ్మా. ఇంకోసారి శ్రద్ధగా చూడండి" అని రాశాను. దానికి చాలామంది బొటనవేళ్ళు ఎత్తారు. మా ఆవిడకి చదివి వినిపించాను కూడా.

కొద్దిరోజులకి, ఒక ఉదయం, నేను అరుగు మీద పేపరు చూస్తుంటే గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో గుడ్డసంచి.

"ఆయిలు వీడియో మాస్టారి ఇల్లు ఇదేనాండి?"

స్పేరు పార్టుల కొట్టులో అడిగి కనుక్కుందట. కామెంటు రాసినావిడ తనేనని చెప్పగానే నేను కాస్త గట్టిపడ్డాను. గొడవకి వచ్చిందనుకున్నాను. మా ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వచ్చినావిడ అది తాగి, గ్లాసు పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పింది. వాళ్ళది మండపేట. భర్త రైసుమిల్లులో గుమాస్తా. ఆవిడ చీరల వ్యాపారం చేస్తుంది. మొదట బస్సుల్లో మూటలు మోసుకుని ఊళ్ళు తిరిగేది. తర్వాత సెకండ్‌హ్యాండు కారు ఒకటి కొని, డ్రైవింగు నేర్చుకుని, డిక్కీ నిండా చీరలు వేసుకుని తనే తోలుకుంటూ వెళ్ళేది. తునిలో పెళ్ళివారికి చీరలిచ్చి వస్తుంటే హైవే మీద స్టీరింగు వెనకాల నూనె గుర్తున్న ఎర్రలైటు వెలిగింది. బండి పక్కకి తీసేలోపే ఇంజను ఆగిపోయింది.

"మా బావగారికి లారీ ఉందండి. మా ఆయనకి అన్నగారు. ఒకే వాకిట్లో ఉంటాం. నేను ఆయిలు మారుస్తుంటేనే వద్దన్నారండి. ఆడాళ్ళు స్పానరు పట్టుకుంటే ఇంజను మిగలదన్నారు. ఇప్పుడు కారు తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఎవరికో పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తున్నారు. ఆదివారం వచ్చి పట్టుకెళ్తారంట."

"అయితే నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాను.

"ఏం చెయ్యక్కర్లేదండి. మీరు శ్రద్ధగా చూడమన్నారు కదా, చాలాసార్లు చూశానండి. రింగు సంగతి నాకెక్కడా దొరకలేదు. నా బుర్రకి అందలేదేమో. ఎక్కడ చెప్పారో ఒక్కసారి చూపిస్తారా? అంతే."

ఆ గొంతులో దెప్పడం లేదు. నిజంగానే తన పొరపాటు ఎక్కడుందో తెలుసుకుందామని బస్సెక్కి వచ్చింది.

ఫోను తీశాను. చెప్పానని నాకు పూర్తి నమ్మకం. చెబుతున్నప్పుడు నా వేలు ఎటు చూపించిందో కూడా గుర్తుంది. వీడియో పెట్టాను. నమస్కారం అయింది. నూనె దించడం అయింది. ఫిల్టరు విప్పాను. విప్పిన ఫిల్టరు నా చేతిలో ఉంది. ఆ వెంటనే, రెప్పపాటులో, ఇంజను మీద ఆ చోటు అద్దంలా తుడిచి ఉంది, నా చేతిలో కొత్త ఫిల్టరుంది. మధ్యలో ఏమీ లేదు.

వెనక్కి తిప్పాను. మళ్ళీ చూశాను. లేదు.

"ఇక్కడేనండి," అంది ఆవిడ పక్కనుంచి. "ఇక్కడ ఏదో గెంతినట్టుంటుంది. నా ఫోను తేడా అనుకున్నాను."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. అప్పటికప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు రింగు ఇంజనుకి అంటుకుపోయింది. గోళ్ళతో గీకాను, గుడ్డతో రుద్దాను, రాలేదు. అలా తడబడుతూ ఫోనులో కనబడటం ఇష్టంలేక ఆ ముక్క తీసెయ్యమన్నాను. రింగు గురించి చెప్పిన మాటలు కూడా దాంతోపాటే పోయాయి.

ఆ క్షణంలోనే, "అమ్మా, తప్పు నీది కాదు, నాది" అనాలి. ఇంతే మాట. నాలుక మీదికి వచ్చింది కూడా. నేనన్నదేమిటో తెలుసా?

"వీడియో ఎక్కించేటప్పుడు ఏదో తేడా వచ్చినట్టుందమ్మా. మా అతన్ని కనుక్కుని ఫోను చేస్తాను."

"అలాగేనండి," అంది. నంబరూ, మండపేటలో ఇంటి గుర్తులూ ఇచ్చింది. మా ఆవిడకి చెప్పి, సంచి తీసుకుని బస్సుకి వెళ్ళిపోయింది. గేటు చప్పుడు కాకుండా వేసి మరీ వెళ్ళింది.

మా ఆవిడ గ్లాసు తీస్తూ, "ఆ రోజు రింగు రాకపోతే మీకు చాకు తెచ్చిచ్చింది నేనే కదండీ" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అని ఉంటే నేను పోట్లాడేవాణ్ణి. నాకు తేలికయ్యేది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. జరిగింది చెప్పాను.

"ఆ ముక్క నా ఫోనులో ఉందండి గురువుగారూ. నేనేదీ పారెయ్యను."

"అది తీసేస్తే రింగు సంగతి పోతుందని అప్పుడే చెప్పొచ్చుగా?" అన్నాను. చూశారా, అప్పుడు కూడా ఎదుటివాడి మీదికే తోశాను.

అతను నాకేసి చూశాడు. ఏదో చెప్పబోయి మానుకున్నాడు. "ముందు మీరొక్కరూ వినండి దాన్ని," అన్నాడు.

"నేను చేసిందేగా, వినేదేముంది. రేపు పొద్దున్నే మండపేట వెళ్దాం. ఫోను తెచ్చుకో."

"గురువుగారూ, ఒక్కసారి వింటే మంచిదండి."

"అక్కర్లేదన్నానా!"

ఊరుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా అలా ఊరుకోవడం అతనికి నేనే అలవాటు చేశాను.

మర్నాడు మేం వెళ్ళేసరికి వాళ్ళ వాకిట్లో ఒక పక్క లారీ, ఇంకో పక్క పాత పరదా కప్పిన కారు ఉన్నాయి. లారీ ఆయన అరుగు మీద కూర్చుని ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. భారీ మనిషి. నన్ను చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"మీరా! రండి రండి. మా మరదలి ఫోనులో చూశానండి మిమ్మల్ని. కుర్చీలు తెండర్రా!"

కుర్చీలు వచ్చాయి. లోపల్నుంచి ఆవిడ బయటికి వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. నేను కూర్చోలేదు. ఇంటిదగ్గర తయారుచేసుకున్న మాటలన్నీ పోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. వీడియోలో రింగు తీసే ముక్క లేదని, తీసేయించింది నేనేనని, ఆవిడ చూసింది చూసినట్టు చేసిందని, తప్పు పూర్తిగా నాదని.

లారీ ఆయన తల ఊపుతూ విన్నాడు. విని, నవ్వాడు. ఆ నవ్వులో మర్యాదే ఉంది.

"పెద్దమనసండీ మీది. ఇంటికొచ్చిన ఆడపిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకునుంటది, మీకు జాలేసింది. తప్పు నెత్తినేసుకుని ఇంతదూరం వచ్చేరు. ఇలాంటోళ్ళు ఎక్కడుంటారండి ఈ రోజుల్లో!"

"నేను కళ్ళనీళ్ళేం పెట్టుకోలేదు బావగారూ," అంది ఆవిడ.

"నువ్వుండమ్మా. మేస్త్రిగారూ, రింగు తియ్యాలని మా లారీ క్లీనరుక్కూడా తెల్సండి. మీకు తెలవదా? మీరు చెప్పకుండా ఉంటారా? ఊరుకోండి, బాగుంటది. కాఫీ పుచ్చుకోండి."

ఇదీ నా పరిస్థితి. తిడతారని సిద్ధపడి వెళ్ళాను. నా మాట నమ్మరని అనుకోలేదు. నేను తప్పు చేశానని చెప్పినకొద్దీ నా మంచితనం పెరుగుతోంది. ఆవిడ తెలివితక్కువతనం రుజువవుతోంది. కాఫీ కూడా వచ్చేసింది. ఇత్తడి గ్లాసులో, నురగతో. ఆవిడ స్తంభానికి ఆనుకుని నాకేసి చూస్తోంది. ఇంకేం చేస్తారు మీరు అన్నట్టుగా కాదు. ఇంతేలే అన్నట్టుగా.

"ఫోను తియ్యవయ్యా," అన్నాను ఎలక్ట్రీషియన్‌తో.

అతను ఫోను తీసి, ఒక్క క్షణం ఆగి, "పెట్టమంటారా?" అని అడిగాడు. పెట్టమన్నాను. చిన్న స్టూలు మీద కాఫీ గ్లాసుల పక్కన నిలబెట్టాడు. అందరూ ముందుకి వంగారు.

ఫోనులో నేను కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. "ఇదిగోనండి, పాత రింగు ఇక్కడే ఉండిపోయింది చూడండి. ఇది తియ్యకుండా కొత్తది బిగించారంటే అంతే సంగతులు" అంటున్నాను. ఆ మాట వినగానే లారీ ఆయన, "అదిగో, చెప్పేరుగా!" అన్నాడు. తర్వాత గీకడం. గుడ్డ. మళ్ళీ గీకడం. నా ఆయాసం వినబడుతోంది. నూనె చుక్క ఒకటి కంట్లో పడితే అబ్బా అన్నాను. మా ఆవిడ గొంతు, నవ్వుతూ: "ఇంత పెద్ద మేస్త్రికి కూరల చాకు కావాల్సొచ్చిందా?"

అప్పుడు నా గొంతు. షెడ్డులో వాడే గొంతు.

"ఆపవయ్యా, ఆపు. ఇదంతా తీసెయ్. గోళ్ళతో గీక్కుంటూ చేతకానివాడిలా కనబడుతున్నాను. చూసినవాడు నవ్వుతాడు."

ఎలక్ట్రీషియన్ గొంతు: "రింగు సంగతి ఇందులోనే చెప్పారండి గురువుగారూ. తీసేస్తే అది కూడా పోతుందేమోనండి."

"పోతే పోనీ. ఆ మాత్రం తెలీని వెధవ కారెందుకు కొనుక్కున్నాడు?"

అక్కడితో అయిపోయింది.

ఈ చివరి మాట అన్నట్టు నాకు గుర్తులేదు. ఒట్టేసి చెబుతున్నాను, లేదు. అతను హెచ్చరించినట్టూ గుర్తులేదు. ముందురోజు సాయంత్రం నా అరుగు మీద నేనే అతన్ని, అప్పుడే చెప్పొచ్చుగా అన్నాను. అతను చెప్పాడు. చెప్పిన సంగతి నా మొహం మీద అనకుండా, నన్నొక్కణ్ణీ వినమని రెండుసార్లు బతిమాలాడు.

నాకు కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆవిడ స్తంభం దగ్గర్నుంచి వచ్చింది. "మాస్టారూ, ఇంకోసారి పెట్టించండి. మా ఆయన లోపలున్నారు, వినలేదు."

అని లోపలికి వెళ్ళి భర్తని పిలుచుకొచ్చింది. సన్నగా ఉన్నాడాయన. మిల్లుకి బయల్దేరుతున్నట్టున్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఆయన వెనక అత్తగారు కూడా వచ్చింది. మళ్ళీ పెట్టాడు ఎలక్ట్రీషియన్. ఈసారి నేను ముందే తెలిసి విన్నాను. గీకడం, ఆయాసం, చాకు, చేతకానివాడు, వెధవ, అన్నీ. షెడ్డులో ఎంతమందిని ఎంతమంది ముందు నిలబెట్టానో నాకు లెక్క లేదు. నిలబడినవాడికి అవతలివాళ్ళ మొహాలు కనబడవని, వాళ్ళ కాళ్ళు మాత్రమే కనబడతాయని ఆ రోజు తెలిసింది. అత్తగారి మెట్టెలు, గుమాస్తాగారి బాటా చెప్పులు, ఇప్పటికీ గుర్తున్నాయి.

అయిపోయాక గుమాస్తాగారు అన్నగారి వైపు తిరిగి, చాలా మామూలుగా, "నేను చెప్తూనే ఉన్నాను కదన్నయ్యా, తను చూసింది చూసినట్టు చేస్తాది, సొంత తెలివి పెట్టదని" అన్నాడు. అది మెప్పో కాదో నాకు తెలియలేదు. ఆవిడకీ తెలిసినట్టు లేదు. భర్తకేసి ఒక చూపు చూసింది.

లారీ ఆయన చాలాసేపు మెడ రుద్దుకున్నాడు. తర్వాత జేబులోంచి కారు తాళాలు తీసి, మరదలి చేతికి ఇవ్వకుండా అరుగు చివర పెట్టాడు. ఫోను తీసి తూకానికి కొనేవాడికి ఆదివారం రావద్దని చెప్పాడు. నాకేసి చూడకుండానే, "కాఫీ చల్లారిపోతందండి" అన్నాడు. అంతసేపూ "మేస్త్రిగారూ, మేస్త్రిగారూ" అన్న మనిషి ఆ తర్వాత ఆ మాట వాడలేదు. నాకు అన్యాయమనిపించలేదు.

తాళాలు ఆవిడే వెళ్ళి తీసుకుంది.

ఇంజను నేను బాగుచేస్తాను, ఖర్చు నాదే అన్నాను. మొహమాటపడుతుందేమో, నాలుగు మాటలు చెప్పి ఒప్పించాలేమో అనుకున్నాను. "సరేనండి" అంది వెంటనే. "ఇంకోటండి. ఆ ముక్కని వీడియోలో పెట్టండి. మొత్తం పెట్టండి. మీరు తిట్టినది కూడా."

"అదెందుకమ్మా, రింగు సంగతి వరకూ పెడతాను."

"నన్ను నవ్వినోళ్ళందరూ అది చూడాలి కదండి," అంది.

పెట్టాను. పెట్టినరోజు ఎలక్ట్రీషియన్ మా అరుగు మీద కూర్చుని, వేలు ఫోను మీద ఉంచి నా మొహం చూశాడు. నేను తలూపాను. మీరు వెతికితే ఇప్పుడు కనబడేది ఆ కొత్తదే. పాతదానికంటే దాన్ని ఎక్కువమంది చూశారు, ఎందుకో మీరే ఊహించుకోవచ్చు. ఆవిడ మీద నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళే నా మీదా పెట్టారు. బజారులో నమస్కారం పెట్టినాయన ఇప్పుడు పలకరించి, "చాకు కావాలాండి?" అంటాడు. వంకాయలు ఏరుకుంటూ నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఏం చేస్తాం?

మీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. కారు యజమాని ముందు నేను అవమానించిన మెకానిక్కు, ఇప్పుడు రామచంద్రపురం నుంచి మండపేట వెళ్ళే దారిలోనే సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఇంజను పని మీద ఆ రోజుల్లో బస్సులో ఆ షెడ్డు ముందునుంచి చాలాసార్లు వెళ్ళాను. దిగుదామనుకున్నాను. ఇంకా దిగలేదు. ఒక తప్పు ఒప్పుకున్నవాడికి రెండోది తేలికవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంజను వాళ్ళ వాకిట్లోనే దించాం. దించడానికి లారీ ఆయనే గొలుసూ కప్పీ తెచ్చాడు. నేనూ ఎలక్ట్రీషియనూ రోజూ బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. పట్టేసిన బేరింగులు చేతిలోకి తీసుకుంటే, మాడిన వాసనొచ్చింది. కొత్తవి వేసి, అన్నీ మళ్ళీ కూర్చాం. ఆవిడ వ్యాపారం చూసుకుంటూనే మధ్యమధ్య వచ్చి నిలబడేది. ఏది ఎందుకో అడిగేది. నేను చెప్పేవాణ్ణి. చెప్పిందాన్ని ఆవిడ వెంటనే నమ్మేది కాదు. ఫోనులో ఇంకెక్కడో చూసి, మర్నాడు వచ్చి, "మీరు చెప్పింది కరెక్టేనండి" అనేది. మొదటిసారి కోపం వచ్చింది. తర్వాత అలవాటయింది. ఒకరోజు నేను ఒక బోల్టు దగ్గర తడబడి, చెయ్యి జారి స్పానరు కింద పడేశాను. ఎలక్ట్రీషియన్ వంగి, తీసి, మాట్లాడకుండా అందించాడు. ఎప్పటిలాగే.

"నువ్వు ఆ రోజు చెప్పావు," అన్నాను అతనితో. అంతకుముందు అనలేకపోయాను.

"పోన్లెండి గురువుగారూ," అన్నాడు.

"పోన్లే కాదు. చెప్పావు. నేను వినలేదు."

అతను స్పానరు గుడ్డతో తుడిచి, "వింటారని ఇప్పుడు తెలిసిందిగా, ఇకనుంచి చెప్తానండి" అన్నాడు. "ఆ బోల్టు మీరు అడ్డంగా ఎక్కించారు. విప్పి మళ్ళీ పెట్టండి."

విప్పి మళ్ళీ పెట్టాను.

బండి తయారైన రోజు ఆవిడ తాళం తిప్పి, ఇంజను అందుకున్నాక చెవి పెట్టి చాలాసేపు వింది. దిగి, కారు కింద అట్టముక్క పరిచి, టార్చి వేసి చూసింది. చుక్క పడలేదు. మళ్ళీ చూసింది. థాంక్స్ చెప్పలేదు. చెబుతుందని నేనూ అనుకోలేదు. "ముందు దూరం తోలి చూడాలండి," అంది. "రేపు తునికి సరుకేసుకుని వెళ్తున్నాను. ఎలా ఉందో రాత్రికల్లా ఫోను చేస్తాను."

మర్నాడు పొద్దుట్నుంచీ ఫోను చొక్కాజేబులో పెట్టుకుని తిరిగాను. స్నానానికి వెళ్తూ మా ఆవిడకిచ్చి వెళ్ళాను. మధ్యాహ్నం తుని చేరి ఉంటుందనుకున్నాను. సాయంత్రం బయల్దేరి ఉంటుందనుకున్నాను. రాత్రయింది. ఫోను రాలేదు. ఎర్రలైటు, హైవే, డిక్కీ నిండా చీరలు, పక్కన లారీలు దూసుకుపోతుంటే ఒంటరిగా నిలబడ్డ మనిషి, ఇవే కళ్ళ ముందు తిరిగాయి. బిగించిన ప్రతి నట్టునీ మనసులో మళ్ళీ బిగించాను. మనమే చేద్దాం ఫోను అంది మా ఆవిడ. నాకు ధైర్యం చాల్లేదు. ఏం మొహం పెట్టుకుని, నా పని బాగుందా అని అడగను?

ఆ మర్నాడూ రాలేదు. కంచం ముందు కూర్చుని లేచిపోయాను. ఎలక్ట్రీషియన్ వచ్చి కాసేపు కూర్చుని, ఏమీ తోచక వెళ్ళిపోయాడు.

మూడో రోజు నేనే చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తేసరికి అవతల ఆడవాళ్ళ మాటలు, నవ్వులు, ఎవరో రంగు గురించి బేరమాడటం వినబడ్డాయి.

"అమ్మా, నేనమ్మా, రామచంద్రపురం నుంచి. బండి..."

"అయ్యో మాస్టారూ! చేస్తానన్నాను కదా, పూర్తిగా మర్చిపోయానండి. తుని వెళ్ళొచ్చాను, నిన్న పెద్దాపురం వెళ్ళాను, ఇప్పుడు అమలాపురంలో ఉన్నానండి. పెళ్ళిళ్ళు కదా, ఊపిరి ఆడట్లేదు. ఏంటండి, ఏమైనా పనా?"

"ఏం లేదమ్మా. ఊరికే."

"అయితే ఉంటానండి, వీళ్ళు పట్టు అడుగుతున్నారు," అని పెట్టేసింది.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏమందండీ?"

"మర్చిపోయిందట," అన్నాను.

ఆవిడ లోపలికెళ్ళి కంచం పెట్టింది. వంకాయ కూర, కందిపప్పు పచ్చడి. కూర్చుని, రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను.